దేశవాళీ మొక్కలను నర్సరీలో కొనవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. శంకర్‌పల్లి వైపు 600 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నారు. ఇల్లు పోను 350 గజాల దాకా ఖాళీ మిగిలింది. పైన ఎర్రమట్టి, అడుగున్నర దిగితే మొరం. అక్కడ ఈ ప్రాంతపు చెట్లే పెంచాలని మీ కోరిక. ల్యాండ్‌స్కేపింగ్ చేసే ఒకాయన 12 రకాల ‘నేటివ్’ మొక్కలతో జాబితా రాసి ఇచ్చారు. మీ బావగారు మాత్రం నర్సరీ మొక్కలను నమ్మవద్దని, అడవికి వెళ్లి గింజలు ఏరుకొచ్చి వేసుకొమ్మని చెబుతున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

కొనండి, కానీ ఆ జాబితా ప్రకారం వద్దు, అందులో రాసిన ఎత్తు మొక్కలూ వద్దు. 9 ఏళ్లు ఒక ప్రభుత్వ నర్సరీలో నారు పని చూసి, ఆ తరువాత 15 ఏళ్లుగా హైదరాబాదు చుట్టుపక్కల మెట్ట చెట్లు నాటిస్తున్నవాడిగా నాకు అర్థమైన సంగతి ఒకటుంది. మన నేల చెట్టు మొదటి రెండు మూడేళ్లు కిందికి పెరుగుతుంది. నర్సరీ వ్యాపారం పైకి పెరిగినదానికి ధర కడుతుంది. ఏడాదిలో సగానికి పైగా వాన లేని చోట బతకవలసిన మొక్క ముందు వేరును దించుకొని, ఆ తరువాతే కొమ్మ సంగతి చూసుకుంటుంది. అటువంటి మొక్క అమ్మకం నాటికి బక్కగా, నాలుగాకులతో, వేసవిలోనైతే ఒట్టి పుల్లలాగా ఉంటుంది. కొనేవారు దాన్ని పక్కకు నెట్టి పచ్చగా నిగనిగలాడేదాన్ని ఎంచుకుంటారు. వాళ్ల ఎంపికను చూసి చూసి నర్సరీలవారు కూడా మన చెట్లను మానుకొని, నిగనిగలాడేవాటినే పెంచడం మొదలుపెట్టారు. నర్సరీలో కొనడంలోని నష్టాలు చాలావరకు ఈ ఒక్క మెలికలోంచే పుట్టాయి.

ముందు ఆ ‘నేటివ్’ అన్న మాట సంగతి చూద్దాం. హైదరాబాదుకు ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. పైన చల్క నేల, కింద గ్రానైటు బండ. ఇక్కడి సహజమైన అడవి ఎండాకాలంలో ఆకు రాల్చి నిలబడే అడవి. కేబీఆర్ పార్కు లోపలి వైపు, చిలుకూరు దగ్గరి మృగవనిలో, గచ్చిబౌలిలోని విశ్వవిద్యాలయపు రాతిగుట్టల మధ్య దాని ఆనవాళ్లు ఇప్పటికీ కనబడతాయి. మీ స్థలం ఆ అడవికి చెందినది. కాబట్టి భారతదేశంలో ఎక్కడో ఒకచోట పుట్టిన చెట్టల్లా మీ స్థలానికి దేశవాళీ అనుకోవడానికి వీలులేదు. మీ జాబితాలోని ఏడాకుల పాల మన దేశపు చెట్టే, కానీ మనకంటే బాగా వానలు పడే అడవులది. నగరంలో రోడ్ల వెంట విరివిగా నాటిన తరువాత, చలి మొదలయ్యే రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ఆ పూల ఘాటుకు తలనొప్పి వస్తోందని కాలనీలవాళ్లు మొర పెట్టుకోవడం మీరూ వినే ఉంటారు. నిద్రగన్నేరు, టబెబుయా, కోనోకార్పస్ ఈ దేశానివే కావు. మిగిలినవాటిలో తంగేడు, జమ్మి, రేల, వేప, కానుగ, నేరేడు ఈ నేలకు తగినవి. అశోక, ఎర్రచందనం సంగతి తరువాత చెబుతాను.

ఇంతమాత్రాన పరదేశపు చెట్టు కనబడితే నరికేయమనడం లేదు. మన చింత ఆఫ్రికా నుంచి వచ్చింది, సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఆ రెండూ లేని తెలంగాణ పల్లెను ఊహించుకోవడం కష్టం. పెరట్లో ఒక సీతాఫలం వేసుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు, పండినప్పుడు నాలుగు పండ్లు పంపితే ఇంకా సంతోషం. అభ్యంతరమల్లా కోనోకార్పస్ వంటివాటితోనే. అది అమెరికా, పశ్చిమ ఆఫ్రికా తీరాల్లో ఉప్పునీటి అంచున పెరిగే మొక్క. గోడలాగా దట్టంగా, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందని మన నగరంలో రోడ్ల మధ్యనా ప్రహరీల పొడుగునా వరుసలు వరుసలుగా నాటారు. దాని వేర్లు పైపులైన్లలోకి, పునాదుల్లోకి వెళుతున్నాయని, పుప్పొడి వల్ల ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బందని ఫిర్యాదులు వచ్చిన తరువాత అధికారులు ఇక నాటవద్దన్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. అయినా ప్రైవేటు నర్సరీల్లో నిన్న మొన్నటి దాకా నేను చూస్తూనే ఉన్నాను. ప్రహరీ పొడుగునా పచ్చదనమే మీకు కావలసిందైతే వావిలి, అడ్డసరం వేసుకోండి. రెండూ కొమ్మ నాటితే బతుకుతాయి, మేకలు ముట్టవు, కొనవలసిన పనే లేదు, వావిలి ఉన్న ఇంటికి వెళ్లి నాలుగు కొమ్మలు అడిగితే ఎవరూ కాదనరు.

ఇక నర్సరీలో ఎదురయ్యే మొదటి ప్రమాదం పేరు. ఇందులో నేనే ఒకసారి బాగా దెబ్బతిన్నాను. చాలాకాలం కిందట ఒక స్థలానికి 40 తంగేడు మొక్కలు కావలసివచ్చి, హైవే పక్కన ఒక నర్సరీలో తీసుకున్నాను. అడిగిన వెంటనే దొరికాయి, అక్కడే నాకు అనుమానం రావలసింది. మోకాలెత్తు మొక్కలు, ఒకే తీరుగా నిటారుగా ఉన్నాయి. రెండేళ్లు తిరిగేసరికి తలెత్తి చూడవలసినంత అయ్యాయి, పూలు పసుపే పూశాయి. బతుకమ్మ రోజుల్లో పూల కోసం వచ్చిన ఒక ముసలమ్మ కొమ్మ వంచి, ఆకు నలిపి, ‘ఇది మన తంగేడు గాదు బిడ్డా, మొదట్ల ఆ చెవులేవి?’ అని అడిగింది. ఆవిడ అడిగింది అక్షరాలా నిజం. తంగేడులో ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట రెండు గుండ్రటి పచ్చని రెక్కలు, చిన్న చెవితమ్మెల్లాగా, కొమ్మను పట్టుకొని ఉంటాయి. దాని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలో ఉన్న రెండో మాటకు అర్థం చెవులు గలదనే. నేను నాటించినవాటికి ఆ చెవులు లేవు. అవి సీమ తంగేడు మొక్కలు, సెన్నా సయామియా, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పెద్ద చెట్టు. రాష్ట్ర పుష్పం పేరుతో దుకాణాల్లో ఇంకో రెండు మూడు రకాల పసుపుపూల సెన్నాలు కూడా అమ్ముడుపోతున్నాయి. వాటిలో స్పెక్టాబిలిస్ అన్నది అమెరికా జాతి. కేరళలోని వయనాడు అడవుల్లో అది ఎంతగా అల్లుకుపోయిందంటే, అక్కడి అటవీశాఖకు దాన్ని తొలగించడమే ఒక పెద్ద పనైంది. కాబట్టి తంగేడు కొనేటప్పుడు ఆకు మొదట్లో ఆ చెవులను చూడకుండా డబ్బు ఇవ్వకండి.

జమ్మి సంగతీ ఇంతే. దసరా ముందు జమ్మికి గిరాకీ పెరుగుతుంది కాబట్టి సర్కారు తుమ్మ పిల్లలు కూడా జమ్మి పేరుతో బేరానికి వస్తుంటాయి. చిన్నప్పుడు రెండింటి ఆకులూ ఒకలాగే ఉంటాయి, ముళ్లను చూస్తే తేడా తెలిసిపోతుంది. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర పొడుగాటి ముళ్లు జంటగా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య కొమ్మంతా చిన్న చిన్న ముళ్లు, అడుగు వెడల్పుగా, గులాబీ ముళ్ల తీరున, వరుస లేకుండా చెదిరి ఉంటాయి. ఒకటి మన రాష్ట్ర వృక్షం, రెండోది చెరువు గట్లను, బీడు భూములను మింగేసిన కంప. తేడా ఒక ముల్లంత. మీ జాబితాలోని అశోక కూడా చాలావరకు పేరుకే అశోక. నర్సరీల్లో ఆ పేరుతో దొరికేది ప్రహరీల వెంట స్తంభాల్లాగా పెరిగే నారమామిడి. దానికి అంచులు అలల్లాగా ఉండే ఒంటి ఆకులు. అసలు అశోకకు ఒక్కో కాడకు నాలుగైదు జతల ఆకులుంటాయి, లేత చివుళ్లు రాగిరంగులో కిందికి వేలాడతాయి, పూలు నారింజ గుత్తులు. అది తేమ అడవుల చెట్టు, నీడా నీరూ కోరుతుంది. మీ మొరం నేలలో దాన్ని పెట్టి బాధించవద్దు.

అందుకని నర్సరీవారిని బిల్లు మీద శాస్త్రీయ నామం రాసి ఇమ్మని అడగండి. రాయగలిగినవారు మొక్కను ఎరిగినవారు. రాయలేనివారు మోసగాళ్లని అనను. కడియం నుంచి లారీలో దిగినదాన్ని దిగిన పేరుతోనే అమ్ముతున్నవారు. రాజమహేంద్రవరం దగ్గరి కడియం, కడియపులంక నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపుతాయి, మన నగరంలోని చాలా నర్సరీలు అక్కడి నుంచి తెచ్చి అమ్మేవే. అందులో తప్పు లేదు. అయితే గోదావరి డెల్టా వాతావరణంలో, అక్కడి జిగట మట్టిలో, నీటి కరువు తెలియకుండా పెరిగిన మొక్క శంకర్‌పల్లి మొరంలోకి వచ్చినప్పుడు దానికి ఏమవుతుందో తెలుసుకోవాలి.

అదే వేర్ల సంగతి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. జిగట మట్టి ముద్దతో వచ్చిన మొక్కను మీరు ఎర్రమట్టి గుంతలో పెట్టి నీళ్లు పోస్తే, నీరు వదులుగా ఉన్న ఎర్రమట్టిలోంచి కిందికి పోతుంది, ముద్ద లోపలికి పోదు. ముద్ద ఎండి, కుంచించుకొని, చుట్టూ వేలు దూరేంత సందు వస్తుంది. పైనుంచి చూస్తే గుంత తడిగా ఉంటుంది, లోపల వేరు మాత్రం దప్పికతో ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క ఎండిపోయిందని మనవాళ్లు చెప్పే కథల్లో సగం ఇదే. అటువంటి మొక్క కొనక తప్పకపోతే, నాటే ముందు ముద్దను బకెట్ నీళ్లలో బుడగలు ఆగిపోయే దాకా ముంచి, పక్కల మట్టిని చేత్తో మెల్లగా విడదీసి, వేరు కొసలు బయటి మట్టికి తగిలేట్టు నాటాలి. ఆ పని కూడా ముసురు పట్టిన రోజున చేయాలి, ఎండలో కాదు.

రెండో చిక్కు కవరులో ఎక్కువకాలం ఉన్న మొక్కది. నేను ఏ నర్సరీకి వెళ్లినా, ఒక మొక్క ఖరీదు అదనంగా ఇచ్చి, దాని కవరును బ్లేడుతో నిలువునా చీల్చి చూపించమంటాను. కొంతమంది విసుక్కుంటారు, ఇచ్చేవారు ఇస్తారు. మంచి మొక్కలో తల్లివేరు సూటిగా దిగి ఉంటుంది, పక్క వేర్ల కొసలు తెల్లగా ఉంటాయి, మట్టి కొద్దిగా రాలుతుంది. చెడిపోయినదానిలో వేరు అడుగుకు తగిలి, పక్కకు తిరిగి, చుట్టకుదురులాగా నాలుగు చుట్లు చుట్టుకొని ఉంటుంది; మట్టి కంటే వేర్లే ఎక్కువ కనబడతాయి. ఆ చుట్ట నేలలో పెట్టినా విడదు. చెట్టు లావెక్కే కొద్దీ ఆ చుట్టలే ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఏడెనిమిదేళ్ల చెట్టు ఒక గాలివానకు మొదలంటా పక్కకు ఒరుగుతుంది. ఇంకొన్ని చోట్ల తల్లివేరు కవరు చిల్లులోంచి కింది నేలలోకి దిగిపోయి ఉంటుంది; అమ్మేటప్పుడు ఒక్క గుంజు గుంజి ఇస్తారు. కవరు అడుగున తెగిన వేరు మొద్దు కనబడితే ఆ మొక్కను వదిలేయండి. జాగ్రత్త గల నర్సరీలో రెండు మూడు నెలలకొకసారి కవర్లను చోటు మార్చి జరుపుతారు, దానివల్ల వేరు కిందికి దిగకుండా లోపలే కొమ్మలు వేస్తుంది. కవర్ల కింద నేల ఎలా ఉందో చూస్తే జరుపుతున్నారో లేదో తెలిసిపోతుంది: గడ్డి మొలిచి, కవరు చుట్టూ పాకి ఉంటే అవి ఏడాదిగా కదలలేదన్నమాట.

మీ జాబితాలో అన్నీ 8 నుంచి 10 అడుగుల మొక్కలే రాశారు. మేడ్చల్ వైపు ఒక లేఅవుట్‌లో దారికి ఒకవైపు 8 అడుగుల రేల మొక్కలు, రెండోవైపు అడుగున్నర మొక్కలు ఒకే వారంలో నాటించాను. యజమాని తొందర వల్ల ఆ పెద్దవి, డబ్బు చాలక ఈ చిన్నవి. పెద్దవి మొదటి రెండు వేసవులూ ఆకులు రాల్చుకొంటూ, కర్ర ఊతతో నిలబడి ఉన్నచోటే ఉన్నాయి. చిన్నవి రెండో వానాకాలం నుంచి లేచాయి. నాలుగో ఏడు వచ్చేసరికి రెండు వరుసలకూ తేడా తెలియలేదు, అయిదో ఏడు మే నెల గాలిదుమారంలో ఒరిగినవన్నీ పెద్ద మొక్కల వరుసలోవే. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆ ఖాళీలను చూస్తుంటాను. రేల, ఇప్ప, మోదుగ, చండ్ర వంటి లోతువేరు చెట్లను రెండడుగులకు మించి కొనకండి. మర్రి, రావి, మేడి వంటివి మాత్రం పెద్ద మొక్కలైనా తట్టుకుంటాయి. అయితే 350 గజాల్లో మర్రి వేయమని నేను చెప్పను.

విత్తనం ఎక్కడిదన్నది తరువాతి ప్రశ్న. నర్సరీవారు సాధారణంగా తమ గేటు ముందున్న ఒకటి రెండు చెట్ల గింజలే ఏరి పోస్తారు, అన్నీ తోబుట్టువులే అవుతాయి. ఇంటి పెరట్లో నాలుగు చెట్లకు అది పెద్ద నష్టం కాదు గాని, ఎకరాల్లో నాటేవారు మాత్రం రెండు మూడు చోట్ల నుంచి కలిపి తీసుకోవాలి. ఉసిరి, నేరేడు అడిగితే అంటు మొక్కలు ఇస్తారు. ఎన్‌ఏ–7 ఉసిరి ఉత్తరప్రదేశ్‌లోని ఫైజాబాదులో రూపొందిన రకం, కాయ పెద్దది, పచ్చడికి బాగుంటుంది. పండు మీ అవసరమైతే అదే తీసుకోండి. పిట్టలూ నీడా మీ అవసరమైతే గింజ మొక్కే మేలు, దాని ఆయుష్షూ వేరే, వేరు దిగే తీరూ వేరే. కాంచనాల్లో పెద్ద ఊదా పువ్వుతో ఆకర్షించే బ్లేకియానా అనే సంకర రకం ఉంది. అది గింజ కట్టదు, అంటు ద్వారానే పుడుతుంది. దాన్ని దేశవాళీ కాంచనంగా అమ్ముతుంటారు. మన అడవిలోని ఆరె చెట్టు అదే కుటుంబానిది, పూలు చిన్నవి, అందుకే ఎవరూ పెంచరు.

కవరుతో పాటు వచ్చే అతిథుల గురించి కూడా చెప్పాలి. 2016లో మన దేశంలో మొదటిసారి కనబడిన రుగోస్ తెల్లదోమ కొబ్బరి తోటలను పట్టి ఆంధ్ర కోస్తాకు పాకింది. ఇటువంటి పురుగులు దూర ప్రాంతాలకు చేరడంలో నర్సరీ మొక్కల రవాణా పెద్ద దారి. ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్టలు, పైన నల్లటి మసి కనబడితే ఆ వరుస మొక్కలేవీ తీసుకోవద్దు. ఆఫ్రికా రాక్షస నత్త గుడ్లు కుండీ మట్టిలోనే ప్రయాణం చేస్తాయి. వయ్యారిభామ గింజలు, తుంగ గడ్డలు సంగతి చెప్పనక్కరలేదు. తుంగ ఒక్క గడ్డ మీ మట్టిలోకి వచ్చిందంటే మీ మనవల దాకా ఉంటుంది. వేర్ల మీద గోళీల్లాంటి బుడిపెలు ఉంటే అది నులిపురుగు కావచ్చు. కొన్న మొక్కలను వెంటనే నాటకుండా, మూడు వారాలు ఒక మూల రాతి బండల మీద విడిగా ఉంచి, పై అంగుళం మట్టిని తీసి పారేసి, అప్పుడు నాటండి. వేప విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. 2021 తరువాత తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి మాడిపోవడం మీరు చూసే ఉంటారు; ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం దానికి ప్రధాన కారణం, అది గింజ ద్వారా కూడా వస్తుంది. పెద్ద చెట్లు చాలావరకు మళ్లీ చిగిర్చాయి, కవరు మొక్కకు ఆ ఓపిక ఉండదు.

మందుల సంగతి చాలామందికి తట్టదు. రేల, తంగేడు ఆకులు తిని పెరిగే పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు ఉన్నాయి. నిమ్మ, మారేడు, కరివేపాకు మీద పెరిగేవి వేరు. మీరు దేశవాళీ చెట్లు కోరుకోవడానికి అవి కూడా ఒక కారణమని రాశారు. నర్సరీలో ఆకుకు చిల్లు పడితే మొక్క అమ్ముడుపోదు, కాబట్టి ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు కొడతారు. అది ఆకు మీద నిలిచే మందు కాదు, మొక్క రసంలో కలిసి కొంతకాలం లోపలే ఉంటుంది. మీ పెరట్లో నాటిన మొదటి నెలల్లో ఆ ఆకు తిన్న గొంగళిపురుగు బతకడం కష్టం. నేను మాత్రం నర్సరీలో పక్కన పడేసిన చిల్లుల ఆకుల మొక్కలను వెతికి తీసుకుంటాను; పురుగు తిన్నదంటే అది తినదగినదని అర్థం, పైగా అవి సగం ధరకు వస్తాయి.

ఇన్ని చెప్పిన తరువాత కూడా కొనమనే ఎందుకంటున్నానో మీ బావగారి సలహా దగ్గరే తెలుస్తుంది. ముందుగా, కేబీఆర్, మృగవని వంటి జాతీయ ఉద్యానాల నుంచి గింజలు ఏరుకొచ్చుకోవడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం అటుంచినా, గింజ తెచ్చినంత మాత్రాన మొక్క రాదు. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లో పోయకపోతే మొలకశక్తి పోతుంది, నేరేడు, ఇప్ప గింజలు ఎండితే పనికిరావు. రేల గింజకు పెంకు ఎంత గట్టిదంటే, గీటు పెట్టో, వేడినీళ్లలో నానబెట్టో పోయకపోతే ఏళ్ల తరబడి మట్టిలో గులకరాయిలా పడి ఉంటుంది. ఏ నెలలో ఏది రాలుతుందో, దేన్ని వెంటనే పోయాలో, దేన్ని నిలవ చేయవచ్చో తెలిసిన మనిషి పనికి మనం ఇచ్చే 30, 40 రూపాయలు ఎక్కువేమీ కాదు. నిజం చెప్పాలంటే, దేశవాళీ మొక్కలో మనం కొంటున్నది ఆ తెలివినే.

ఇంకో లాభం నెమ్మదిగా కనబడుతుంది. కొన్నేళ్ల కిందట ఒక నర్సరీ యజమానిని మోదుగ మొక్కలు ఎందుకు లేవని అడిగితే, ‘సారూ, మోదుగ ఎవరు కొంటరు? ఆకు పెద్దది, రోడ్డు మీద దుమ్ము పట్టినట్టుంటది’ అని నవ్వాడు. డిసెంబరులో 100 మొక్కలకు బయానా ఇచ్చాను. మే నెలలో కాయలు రాలగానే పోయించి, మరుసటి వానకు ఇచ్చాడు. నేను 100 అడిగితే 300 పోశాడు, మిగిలినవి కూడా ఆ ఏడే అమ్ముడుపోయాయట. ఇప్పుడు అతని దగ్గర మోదుగ, పాలకొడిసె, ఆరె, వెలగ అడగకుండానే ఉంటాయి. కాబట్టి మీరూ వచ్చే వానాకాలానికి కావలసినవి చలికాలంలోనే చెప్పి, ఎత్తు వద్దని, కవరు పొడుగుగా ఉండాలని, మందు కొట్టవద్దని షరతు పెట్టి బయానా ఇవ్వండి. నెక్లెస్ రోడ్డులో జరిగే నర్సరీ మేళాల్లో పూలకుండీల కోసం జనం మూగుతారు. నేను వెళ్లేది మాత్రం ఇటువంటి బేరం కుదుర్చుకోవడానికే. అటవీశాఖ నర్సరీలలో మొక్క పేరు తప్పే అవకాశం తక్కువ, ధరా తక్కువే, రకాలు మాత్రం ఆ ఏటి లక్ష్యాన్ని బట్టి ఉంటాయి.

మీ బావగారి మాట చెల్లే చెట్లూ ఉన్నాయి. తంగేడుకు కవరు గిట్టదు. రోడ్డు పక్క పొదల నుంచి ఎండిన కాయలు కోసుకొచ్చి, గింజలను గరుకు బండ మీద కొంచెం రాపిడి చేసి, తొలకరి పడగానే మీ ప్రహరీ వెంట నేరుగా వేయండి. మోదుగ కాయకు ఒకటే గింజ ఉంటుంది, కాయను అలాగే పూడ్చినా మొలుస్తుంది. గునుగు గింజలు ఎవరి చేనులో అడిగినా దోసెడు ఇస్తారు. ఈ మూడూ మీ పెరటికి కొనవలసిన పనిలేదు.

జాబితాను నేనైతే ఇలా దిద్దుతాను. కోనోకార్పస్, టబెబుయా, నిద్రగన్నేరు, ఏడాకుల పాల, అశోక కొట్టివేయండి. నిద్రగన్నేరు నీడ గొప్పదే కాని అది ఒక్కటే మీ 350 గజాలనూ కప్పేస్తుంది. రేల రెండు, పాలకొడిసె రెండు, ఆరె ఒకటి, మారేడు ఒకటి, నేరేడు ఒకటి, జమ్మి ఒకటి చాలు. కానుగ గేటు బయట నీడకు బాగుంటుంది. వేప మీ వీధిలోనే ఉందన్నారు కనుక గింజ మొలకలు వాటంతట అవే వస్తాయి, ఒకదాన్ని ఉంచుకోండి. గుంత రెండడుగుల వెడల్పు, మొరం తగిలితే గడ్డపారతో ఇంకో అడుగు గుల్ల చేయించండి. తవ్విన మట్టినే తిరిగి నింపండి. గుంతలో ఎరువు దట్టిస్తే వేరు ఆ గుంతలోనే విందు చేసుకుంటూ కూర్చుంటుంది, మొరంలోకి దిగదు. జూన్ చివర నేల ఒక జానెడు తడిసిన తరువాత నాటి, మొదటి వేసవిలో వారానికి ఒకసారి నిండుగా, రెండో వేసవిలో పదిహేను రోజులకొకసారి నీళ్లు పెట్టండి. రోజూ చెంబెడు పోయడం కంటే ఇది మేలు.

మిగిలింది ఎర్రచందనం. అది శేషాచలం, వెలిగొండ వంటి దక్షిణపు తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పుట్టని చెట్టు. హైదరాబాదులో నాటితే బతుకుతుంది, కానీ చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది, కొట్టాలన్నా తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. మీ జాబితాలో దాని ఎదురుగా ‘20 ఏళ్లలో ఆదాయం’ అని రాసిన మాటకు ఆయన ఏ లెక్క చూపిస్తారో అడిగి, ఆ 10 మొక్కల డబ్బును పొడుగు కవర్లకు బయానాగా ఇవ్వండి.